డాక్టర్ హూ పునరాగమనము: అభిమానుల ఆశయు భయమును

ముగిసిపోయిన కథను మరల నడిపింపుమని పాఠకులును ప్రేక్షకులును పట్టుపట్టుట నేటి యాచారము కాదు. 1893 లో ఆర్థర్ కానన్ డాయిల్ తన యపరాధ పరిశోధకుడైన షెర్లాక్ హోమ్సును స్విట్జర్లాండు దేశపు జలపాతమొకదానియొద్ద కడతేర్చి చేతులు దులుపుకొనగా, పాఠకలోకము ఊరకుండక వెంటబడి, 1903 లో ఆతనిని మరల బ్రతికింపజేసెను. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ ధారావాహికను ఆపివేయుదురన్న వార్త పొక్కగా అభిమానులు ఎన్.బి.సి. సంస్థకు కుప్పతెప్పలుగా ఉత్తరములు వ్రాసిరి. 1968 మార్చి 1వ తేదీన ఆ సంస్థ తన ప్రసారమునందే, కార్యక్రమము కొనసాగునని ప్రకటింపవలసివచ్చెను. అయితే ఆశయు భయమును ఒకే హృదయమున చిరకాలము కలిసి కాపురము చేసిన వృత్తాంతము కావలెనన్నచో, బ్రిటిషు టెలివిజన్ చరిత్రలో ‘డాక్టర్ హూ’ అను ధారావాహికను చూడవలెను. అది 1989 డిసెంబరులో ఆగి 2005 మార్చిలో మరల మొదలయ్యెను. ఆ నడుమ గడచిన పదునైదేండ్ల పైచిలుకు కాలము శూన్యమని పలువురు తలతురు గాని, ఆ కథయొక్క అసలు చరిత్ర ఆ విరామమునందే యున్నదని నా యభిప్రాయము.

ఆరంభమును గూర్చి క్లుప్తముగా చెప్పుదును. 1963 నవంబరు 23వ తేదీ శనివారము సాయంకాలము బీబీసీ దీనిని తొలిసారి ప్రసారము చేసెను. ముందునాడే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హతుడగుటచే జనుల మనస్సులన్నియు ఆ వార్తపైననే యుండెను. కావున మరుసటి శనివారము రెండవ భాగమునకు ముందు మొదటి భాగమును తిరిగి చూపిరి. కెనడానుండి వచ్చిన సిడ్నీ న్యూమన్ ఈ కార్యక్రమమునకు మూలపురుషులలో ముఖ్యుడు. నిర్మాత వెరిటీ లాంబర్టు అప్పటికి ముప్పదియేండ్లైనను నిండని యువతి. తొలికథకు దర్శకత్వము వహించిన వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టిన మన దేశపు బిడ్డ. లైమ్ గ్రోవ్ అనుచోటనున్న ఇరుకైన స్టూడియోలో, స్వల్పమైన సొమ్ముతో, వీరు కాలమునందును ఆకాశమునందును సంచరించు ‘డాక్టరు’ అను ఒక అజ్ఞాత వృద్ధుని కథ నారంభించిరి. ఆతని వాహనము బయటికి నీలిరంగు పోలీసు పెట్టె. లోపల అడుగిడినచో మహాసౌధము. ఆ యేడు ముగియకముందే టెర్రీ నేషన్ సృష్టించిన ‘డాలెక్’ లను లోహకవచపు క్రూరజీవులు తెరపై కానరాగా, దేశమునందలి పిల్లలందరును ఆ కథకు వశులైరి.

1966 లో ప్రధాన నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము క్షీణించెను. నటుడు తప్పుకొన్నచో కథ ముగియవలెను గదా! కాని నిర్వాహకులు ఒక అపూర్వమైన యుక్తి పన్నిరి. అక్టోబరు 29వ తేదీన ప్రసారమైన భాగమున, నేలపై ఒరిగియున్న హార్ట్‌నెల్ ముఖము తెల్లని వెలుగులో కరగి పాట్రిక్ ట్రౌటన్ ముఖముగా మారెను. పరకాయప్రవేశ కథలు విని పెరిగిన మనకు ఇది వింతగా తోపకపోవచ్చును. కాని ఒక ధారావాహిక తన కథానాయకుని దేహమును, వయస్సును, స్వభావమును సైతము మార్చివేసి, అతడే యితడని ప్రేక్షకులచే నమ్మించుట ఆనాటి టెలివిజనునకు సాహసకార్యమే. అనంతర కాలమున ఈ కథ ఎన్నిమారులు ఆగినను తిరిగి లేవగలుగుటకు బీజము ఆ వెలుగునందే పడినది. ప్రతి మార్పును అభిమానులు మొదట ద్వేషించి, పిదప ప్రేమించుటయు నాడే యారంభమైనది.

పతనము మెల్లమెల్లగా వచ్చెను. 1985 లో బీబీసీ అధికారి మైకేల్ గ్రేడ్ ఈ కార్యక్రమమునకు పదునెనిమిది మాసముల విరామము విధించెను. తిరిగి వచ్చిన పిమ్మట కొంతకాలమునకు దానిని ‘కొరొనేషన్ స్ట్రీట్’ అను మిక్కిలి జనాదరణగల కథకు ఎదురుగా ప్రసారముచేయ నారంభింపగా, చూచువారి సంఖ్య క్షీణించెను. 1989 డిసెంబరు 6వ తేదీన ఇరువదియారవ సీజను తుది భాగము ప్రసారమయ్యెను. ఇదియే కడపటిది కావచ్చునని యెరిగిన నిర్వాహకులు, నాయకపాత్రధారి సిల్వెస్టర్ మెకాయ్ చేత చిన్న ముగింపు ప్రసంగమొకటి చదివించి చేర్చిరి. అది ముద్రితమైన దినము నవంబరు 23, అనగా కార్యక్రమపు ఇరువదియారవ జన్మదినము. బీబీసీ మాత్రము ‘ముగిసినది’ అని ఎన్నడును పలుకలేదు. తిరిగి వచ్చునన్నట్లుగనే మాటలాడుచుండెను. మరణవార్త తెలిసినచో దుఃఖించి ఊరడిల్లవచ్చును. దేశాంతరమేగినవాని జాడ తెలియనప్పుడు ఇంటివారు దీపము ఆర్పనులేరు, నిద్రించనులేరు. అభిమానుల స్థితి అట్లయినది.

వారి భయమునకు పూర్వానుభవము ఒకటి మూలము. 1960 ప్రాంతములందలి టేపులు మిక్కిలి వెలగలవి. తుడిచి మరల వాడుకొనుట నాటి బీబీసీ పరిపాటి. నటులతో చేసికొనిన ఒప్పందములవలన పునఃప్రసారములకు హద్దులుండుటచేతను, రంగుల ప్రసారము వచ్చినపిదప నలుపు తెలుపు చిత్రములకు విలువలేదని తలచుటచేతను, హార్ట్‌నెల్, ట్రౌటన్‌ల కాలపు భాగములు నూటికి చేరువగా నశించిపోయినవి. అయినను ఆ నశించిన భాగములన్నిటియొక్క శబ్దము నేటికిని నిలిచియున్నది. ఏల? ఆనాడు కొందరు పిల్లలును యువకులును చక్రముల టేపు రికార్డరును టెలివిజన్ ప్రక్కను నిలిపి, మైక్రోఫోనును దాని యెదుటనుంచి, ఇంటిల్లిపాదిని మాటలాడవలదని వేడుకొని, శనివారము శనివారము ఆ కథను ముద్రించుకొనిరి. మరల చూచు భాగ్యము లేదని యెరిగినవారికి వినుటయే గతి. జాన్ కురా అను ఛాయాచిత్రకారుడు టెలివిజన్ తెరను నేరుగా చిత్రములుగా తీసి అమ్ముచుండెను. అవియు నేడు నశించిన భాగములకు సాక్ష్యములు. 1973 నుండి టార్గెట్ సంస్థ ప్రకటించిన చిన్న నవలలు చేతికందిన పిల్లలకు, తాము పుట్టకముందు ప్రసారమైన కథలు తెలియవచ్చెను. వానిలో అరువదికి మించినవి టెరన్స్ డిక్స్ ఒక్కడే వ్రాసెను. విదేశములకు అమ్మిన ప్రతులు దొరకుచుండుటయు కలదు. నైజీరియాలో బయటపడిన తొమ్మిది భాగములు 2013 లో లోకమునకు వెల్లడియైనవి. సంస్థ పారవేసినదానిని సామాన్యులు దాచిరి. ఈ యొక్క సంగతిని మరువక, తరువాతి కథను వినవలెను.

1989 పిమ్మట ఆ దాచినవారే సృష్టించుటకు పూనుకొనిరి. 1991 లో వర్జిన్ సంస్థ క్రొత్త నవలల వరుసను ఆరంభించి, పేరులేని రచయితలను సైతము ఆహ్వానించెను. మార్క్ గాటిస్, పాల్ కార్నెల్ మొదలగువారు ఆ వరుసలో నవలలు వ్రాసినవారే, రసెల్ టి. డేవిస్ వ్రాసిన నవల 1996 లో వెలువడెను. 1999 లో బిగ్ ఫినిష్ సంస్థ వెనుకటి నటులనే పిలిచి శ్రవ్యనాటకములు చేయ నారంభించెను. 1979 లో వారపత్రికగా పుట్టి మాసపత్రికయైన డాక్టర్ హూ పత్రిక, చర్చించుటకు క్రొత్త ప్రసారమేదియు లేని యేండ్లలోను ఆగలేదు. టెలివిజనులో లేని టెలివిజన్ కార్యక్రమమును గూర్చి నెలనెలయు ఒక పత్రికను నిండుగా నడుపుట ఎంతటి నిష్ఠయో పత్రికలు నడిపినవారికే తెలియును.

ఈ కాలమున అభిమానుల చింత రెండు పాయలుగా ప్రవహించెను. ఇక రాదేమో యనునది మొదటిది. వచ్చునుగాని తాము ప్రేమించినదై రాదేమో యనునది రెండవది. మొదటిదానికన్న ఇదియే బాధాకరము. 1993 లో ముప్పదియేండ్ల పండుగకు తలపెట్టిన విశేషచిత్రము నడుమనే ఆగిపోయి, దాని స్థానమున ధర్మనిధికొరకు తీసిన చిన్న వినోదచిత్రము మాత్రమే లభింపగా, మొదటి భయము బలపడెను. 1996 లో రెండవ భయము నిజమయ్యెను.

ఆ యేడు ఫాక్స్ సంస్థతో కలిసి తీసిన టెలివిజన్ చిత్రము కెనడాలోని వాంకూవరు నగరమున చిత్రింపబడెను. పాల్ మెగాన్ అను నటుడు నాయకపాత్రను ఎంత హృద్యముగా పోషించెనో నేటికిని అభిమానులు చెప్పుకొందురు. అయినను కథకుడు మొదటి నిమిషములనుండియే పాత పాత్రలను, పాత వైరములను, పూర్వదేహమును, దాని మరణమును ఒక్కసారిగా ముందుంచెను; ఏమియు నెరుగని అమెరికా ప్రేక్షకుడు ఆ గందరగోళమున దారితప్పెను. అన్నియు నెరిగిన అభిమానికో, డాక్టరు సగము మనుష్యుడనుట పుండుమీద కారము చల్లినట్లయ్యెను. మే 27వ తేదీన బ్రిటనులో తొమ్మిది మిలియనుల మంది దానిని చూచిరి; అమెరికాలో ఆదరణ చాలమిచే కొనసాగింపు లేకపోయెను. ఆ ప్రసారమునకు వారము ముందే మూడవ డాక్టరుగా ప్రసిద్ధుడైన జాన్ పెర్ట్వీ మరణించెను. బీబీసీ ఆ చిత్రమును ఆతని స్మృతికి అంకితము చేసి చూపెను. ఆశ పుట్టిన రాత్రియే శ్రద్ధాంజలియు ఘటింపవలసివచ్చినది.

2003 సెప్టెంబరు 26వ తేదీన, రసెల్ టి. డేవిస్ నాయకత్వమున ఈ కథ టెలివిజనునకు తిరిగి వచ్చునను వార్త వెలువడెను. ఆనందముతోపాటు ప్రశ్నలును పుట్టుకొచ్చెను. డాక్టరు సహచరి పాత్రకు ఎన్నికైన, పాటలు పాడి పేరొందిన బిల్లీ పైపరు ఈ బరువు మోయగలదా? ఇరువదియైదు నిమిషముల భాగములతో వారములతరబడి నడచిన కథ, నలుబదియైదు నిమిషములలో ముగియుచో ఊపిరి నిలుచునా? టెర్రీ నేషన్ వారసులతో చర్చలు తెగుటచే 2004 వేసవిలో డాలెక్‌లు లేకుండనే కథ నడచునేమో యను కలవరమును కలిగెను. కొన్ని వారములకు ఒప్పందము కుదిరెను. ఇవి పిచ్చి ప్రశ్నలని నేననను. ఒకమారు మోసపోయినవాని అనుమానమునకు కారణముండును.

2005 మార్చి 26వ తేదీన కార్డిఫ్‌లో చిత్రించిన తొలిభాగము ప్రసారమయ్యెను. దాని నిర్మాణము పరిశీలింపదగినది. గడియారము మ్రోగును, ఒక యువతి మేల్కొని, బస్సునెక్కి, లండను దుకాణమునకు పనికి పోవును. సాయంకాలము నేలమాళిగలో వస్త్రములు తొడిగిన ప్లాస్టికు బొమ్మలు కదలి ఆమెను గోడకు తరుమగా, ఎవరో ఆమె చేయి పట్టుకొని పరుగెత్తుమందురు. ఆ ‘ఎవరో’ డాక్టరు. అతడెవడో ఆమెకు తెలియదు, తెలిసికొనుటయే కథ. 1963 నాటి తొలిభాగమునను ఇద్దరు ఉపాధ్యాయులు తమ విద్యార్థినిని గూర్చిన సందేహముతో ఆ నీలిపెట్టెలోనికి త్రోవ కనుగొనిరి. ఆ బొమ్మలును 1970 నాటి కథలోనివే. డేవిస్ పాతదానిని త్రోసివేయలేదు. తెలియనివాని కన్నులతో దానిని చూపెను. 1996 చిత్రము చేసిన తప్పును ఇతడు ఎంత చక్కగా గ్రహించెనో ఇందువలన తెలియును. ఆ రాత్రి పదిమిలియనులకు మించిన ప్రేక్షకులు చూచిరి. నాలుగైదు దినములలోనే రెండవ సీజనునకు అనుమతియు, నాయకుడు క్రిస్టొఫర్ ఎకల్‌స్టన్ వైదొలగుచున్నాడను వార్తయు జంటగా వెలువడెను. జూను 18వ తేదీన ఎకల్‌స్టన్ ముఖము వెలుగులో కరగి డేవిడ్ టెనెంట్ ముఖమయ్యెను. 1966 లో పన్నిన యుక్తి మరల పనిచేసినది.

ఈ విజయమునకు కారణము సొమ్మనియు, సాంకేతిక నైపుణ్యమనియు కొందరందురు. నేను ఒప్పుకొనను. 2005 సీజను రచయితలు ఐదుగురు: డేవిస్, గాటిస్, కార్నెల్, రాబర్ట్ షియర్మన్, స్టీవెన్ మొఫాట్. ఐదుగురును ఆ నిశ్శబ్ద కాలమున ఈ కథను ఏదోయొక రూపమున వ్రాసియుండినవారే. షియర్మన్ వ్రాసిన ‘డాలెక్’ అను భాగమునకు మూలము 2003 లో అతడే వ్రాసిన శ్రవ్యనాటకము. 1995 లో కార్నెల్ వ్రాసిన నవల 2007 లో రెండు భాగములుగా తెరకెక్కి, పునరుద్ధరణ తరువాతి కథలలో శ్రేష్ఠమైనవానిలో ఒకటిగా నిలిచెను. 1974 లో పదునైదేండ్ల ప్రాయమున ఈ కార్యక్రమమును గూర్చి రేడియో టైమ్స్ పత్రికకు ఉత్తరము వ్రాసిన పీటర్ కపాల్డీ, నలుబదియేండ్లకు తానే డాక్టరయ్యెను. విరామకాలపు కృషి లేకున్నచో 2005 లో తిరిగివచ్చునది పేరు మాత్రమే.

నేడు ఆశాభయములు మరల మొలకెత్తినవి. డిస్నీతో కలిసి నిర్మించిన రెండు సీజనులలో రెండవది 2025 మే 31వ తేదీన ముగిసి, నాయకుడు ఎన్‌కూటీ గాట్వా నిష్క్రమించెను. అక్టోబరులో ఆ పొత్తు ముగిసినదనియు, 2026 క్రిస్మసునకు డేవిస్ వ్రాయు విశేషభాగము వచ్చుననియు బీబీసీ ప్రకటించెను. కొందరు దీనిని మరియొక 1989 గా భావించి దుఃఖించుచున్నారు. నాకట్లు తోపదు. 1989 లో అభిమానుల చేతిలో నున్నది స్పష్టతలేని ఒక్క మాట. నేడు కార్యక్రమమును తాము విడువబోమని బీబీసీ బహిరంగముగా చెప్పియున్నది, రచయిత పేరును ప్రసారకాలమును తెలిపియున్నది. అన్నిటికన్న మిన్నగా, పదునైదేండ్లు దానిని బ్రతికించిన నవలాకారులును శ్రవ్యనాటక కర్తలును తమ పనిని నేటికిని మానలేదు.