దస్తఖత్ పెట్టని అమ్మీ

అమెరికన్ ఫుట్‌బాల్ మన ఇళ్లలో ఎవరూ చూడరు. నేనూ పెద్దగా చూడను. కానీ కాండ్రెడ్జ్ హాలోవే కహానీ మన పిల్లలకు చెప్పాలనిపిస్తుంది.

ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అంటే టీమ్‌కి దిమాగ్. బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలి, ఎవరికి అందించాలి, తానే దౌడ్ తీయాలా, రెండు మూడు సెకన్లలో ఫైస్లా అతనిదే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని తెల్లవాళ్ల యూనివర్సిటీలు చాలామటుకు 1960ల చివర్లోగానీ నల్లవాళ్లను టీముల్లోకి రానివ్వలేదు. రానిచ్చాక కూడా ఈ జాగా ఇవ్వడానికి వెనకాడాయి. మీ కాళ్లు మాకు కావాలి, మీ దిమాగ్ అక్కర్లేదు అన్నట్టు! నస్ల్ పేరుతో జరిగే జుల్మ్‌లో ఇదొక నాజూకు రకం.

హాలోవే అలబామాలోని హంట్స్‌విల్‌లో పెరిగాడు. అక్కడి నాసా కేంద్రంలో చేరిన తొలి నల్లజాతి ఉద్యోగుల్లో అతని తల్లి ఒకరు. 1971లో మాంట్రియల్ ఎక్స్‌పోస్ అనే బేస్‌బాల్ టీమ్ ఆ ఏటి కుర్రాళ్ల ఎంపికలో నాలుగోవాడిగా అతన్నే కోరుకుంది. అప్పటికి వయసు 17. మైనర్ కనుక కాంట్రాక్టు మీద పెద్దల దస్తఖత్ కావాలి. వాలిదా పెట్టలేదు. ముందు కాలేజీ, ఆ తర్వాతే ఆట అంది. తాలీమ్ విషయంలో అమ్మీ ఒకసారి నహీ అంటే ఏమవుతుందో మనకు తెలియనిదా?

సొంత రాష్ట్రపు యూనివర్సిటీ కోచ్ బేర్ బ్రయంట్ అయితే సాఫ్‌గా చెప్పేశాడు: నల్ల క్వార్టర్‌బ్యాక్‌కి అలబామా ఇంకా తయారుగా లేదని. టెన్నెసీ కోచ్ బిల్ బ్యాటిల్ మాత్రం అదే జాగాలో ఆడే మౌకా ఇస్తానన్నాడు, ఇచ్చాడు. 1972లో సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో మ్యాచ్ మొదలుపెట్టిన తొలి నల్ల క్వార్టర్‌బ్యాక్ హాలోవే. అట్లాంటాలో ఆ మొదటి మ్యాచ్‌లో ఎదుటి టీమ్ జార్జియా టెక్. దాని క్వార్టర్‌బ్యాక్ ఎడ్డీ మెక్‌యాషన్ కూడా నల్లవాడే! టెన్నెసీ గెలిచింది. అదే సీజన్ చివర మెక్‌యాషన్ ఇంటివాళ్ల కోసం టికెట్లు అడిగితే ఇవ్వలేదు. ప్రాక్టీసుకు రానందుకు సస్పెండ్ చేశారు.

మూడేళ్లలో హాలోవే టెన్నెసీకి 25 గెలుపులు, 9 ఓటములు, 2 డ్రాలు తెచ్చాడు. అయినా 1975లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ అతన్ని 12వ రౌండ్ దాకా పట్టించుకోలేదు. అప్పుడు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ తీసుకుంది, అదీ డిఫెన్సివ్ బ్యాక్‌గా. మళ్లీ కాళ్లే!

అతను సరిహద్దు దాటి కెనడా వెళ్లిపోయాడు. ఒట్టావాలో, ఆ తర్వాత టొరంటోలో క్వార్టర్‌బ్యాక్‌గానే ఆడాడు. 1982లో ఆ లీగ్ అత్యుత్తమ ఆటగాడి ఇనామ్ అతనికే దక్కింది.