భిలాయి లెక్కకు అందని గాలి

1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం నాలుగేళ్లలో దుర్గ్ జిల్లా పల్లెల నడుమ కొలిమిగా నిలిచింది. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తొలి లక్ష్యం. రాయపూర్–విజయనగరం రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర నుంచి తరలి వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలకు ఆ పొగ గొట్టాలు అన్నం పెట్టాయి. పొగ రావడం కాదు, ఆగిపోవడం అక్కడ భయపెట్టే విషయం.

సరిగ్గా ఆ కాలంలోనే, 1958 మార్చిలో, హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతం మీద చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలవడం మొదలుపెట్టారు. భిలాయి కొలిమి రాజుకున్న 1959లో ఆ కొలత సగటున పది లక్షల పాళ్లకు 316. కొలిమికీ కొలతకూ దాదాపు ఒకే వయసు. ఒకదాని సంగతి మరొకదానికి చాలాకాలం తెలియలేదు.

కార్బన్ డయాక్సైడ్‌కు పాత పాఠ్యపుస్తకాలు పెట్టిన బొగ్గుపులుసు వాయువు అన్న పేరు ఉక్కు నగరానికి అతికినట్టు సరిపోతుంది. బ్లాస్ట్ ఫర్నేసులో బొగ్గు పని వేడి పుట్టించడంతో తీరదు. కోకు మండగా పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కొని ఇనుమును విడిపిస్తుంది. తాను బొగ్గుపులుసు వాయువుగా మారి బయటపడుతుంది. అంటే ఈ వాయువు పొరపాటున వెలువడే వ్యర్థం కాదు, ఇనుము పుట్టుకలోనే భాగం. విద్యుత్ కేంద్రంలో బొగ్గు స్థానంలో సౌరఫలకాలు పెట్టవచ్చు. ఇక్కడ అంత సులువు కాదు. ఈ పద్ధతిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఉత్పత్తి పట్టికలో ఉక్కు బరువు ఎక్కింది. అంతకు రెట్టింపు బరువున్న గాలి ఏ పట్టికలోనూ ఎక్కలేదు.

తెలియజెప్పేవారు లేక కాదు. భిలాయికి యంత్రాలిచ్చిన సోవియట్ దేశంలోనే లెనిన్‌గ్రాడ్ శాస్త్రవేత్త మిఖాయిల్ బుదికో వాతావరణంపై మానవుని ప్రభావాన్ని గురించి 1972లో ఏకంగా పుస్తకం రాశారు. కొలిమి వచ్చిన దారిన ఆ హెచ్చరిక రాలేదు. అదే ఏడాది స్టాక్‌హోమ్ సభలో ఇందిరాగాంధీ పేదరికాన్ని పర్యావరణ చర్చ మధ్యకు తెచ్చారు. అది న్యాయమైన వాదనే. అయితే ఢిల్లీకి అది అంతర్జాతీయ వేదికల మీద కవచంగా ఉపయోగపడినంతగా, స్వదేశంలో ప్రశ్నగా ఉపయోగపడలేదు.

ఆ ప్రశ్న గనుల నుంచి వచ్చింది. భిలాయికి ఖనిజం పంపే దల్లీ రాజహరాలో శంకర్ గుహ నియోగి 1977లో కార్మిక సంఘాన్ని నిర్మించారు. కూలి రేట్ల కోసం పోరాడిన ఆ ఉద్యమమే 'మీ అడవిని గుర్తించండి' అన్న ప్రచారాన్నీ నడిపింది. గనుల పూర్తి యాంత్రీకరణకు బదులు, కార్మికుల ఉపాధి పోకుండా పాక్షిక యాంత్రీకరణను ప్రతిపాదించింది. ఎంత తవ్వాలి, ఎవరి కోసం, ఏం మిగలాలి అన్న ప్రశ్నలు అక్కడ కలిసే వచ్చాయి. వాతావరణ మార్పు అన్న పేరు లేకపోయినా సారాంశం అదే. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయిలో నిద్రలో ఉన్న నియోగిని కాల్చి చంపారు. అదే సంవత్సరం ఢిల్లీలో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ సంపన్న దేశాల విలాసపు ఉద్గారాలనూ పేదల బతుకు ఉద్గారాలనూ ఒకే గాటన కట్టరాదని వాదిస్తూ పత్రం ప్రచురించారు. దేశాల మధ్య న్యాయం గురించిన ఆ వాదన భారత విధానంలో భాగమైంది. దేశం లోపలి న్యాయం గురించిన నియోగి వాదన కాలేదు.

2018 జూన్ 14న ప్రధాని మోదీ విస్తరించిన భిలాయి కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 'మహామాయ' అని పేరు పెట్టిన ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేసు అప్పటికే మండుతోంది. ఆ ఏడాది మౌనా లోవా కొలత 408 దాటింది. ఫర్నేసు ఆయుష్షు దశాబ్దాల్లో ఉంటుంది; 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలన్న గ్లాస్గో హామీ అప్పటికి ఇంకా మూడేళ్ల దూరంలో ఉంది.

ఉక్కు శాఖకు కార్బన్ లెక్క చివరికి వంటబట్టింది శాస్త్రం వల్ల అనడం కంటే వ్యాపారం వల్ల అనడమే సబబు. దిగుమతయ్యే ఉక్కు వెనుక ఎంత కార్బన్ ఉందో చెప్పాలని యూరప్ 2023 అక్టోబర్ నుంచి నిలదీసింది. 2024 డిసెంబర్‌లో కేంద్రం హరిత ఉక్కుకు నిర్వచనం ప్రకటించింది: టన్నుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారం ఉండాలి. కోకు తయారీని అందులో లెక్కించారు. గని తవ్వకాన్ని, రవాణాను మినహాయించారు.

దల్లీ రాజహరా నిక్షేపాలు తరిగిపోతున్నాయి. అక్కడి నుంచి నారాయణ్‌పూర్ జిల్లా అడవుల్లోని రావ్‌ఘాట్ వైపు రైలు మార్గం చేపట్టారు. భిలాయికి ఇకపై ఖనిజం రావలసింది ఆ కొండల నుంచే.