సినిమా బండి

సినిమా బండి 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్ ద్వారా విడుదలైన తెలుగు చలనచిత్రం. హాస్యం, జీవన చిత్రణ కలగలసిన ఈ చిత్రానికి ప్రవీణ్ కాండ్రేగుల దర్శకుడు. ఆయనకు ఇదే తొలి చిత్రం. రచన వసంత్ మరింగంటి. హిందీ చిత్రసీమలో పేరుపొందిన దర్శక ద్వయం రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. తమ డి2ఆర్ ఇండీ సంస్థ తరఫున దీనిని నిర్మించారు. పేరున్న తారలు లేకుండా, స్వల్ప వ్యయంతో తీసిన ఈ చిత్రాన్ని ఎక్కువమంది మెచ్చుకున్నారు. అయితే ఇందులోని హాస్యం స్వభావం గురించీ, కథానాయకుని నడత గురించీ, దీనిని స్వతంత్ర చిత్రమనవచ్చునా అన్న విషయం గురించీ భిన్నాభిప్రాయాలున్నాయి.

కథ

ఆంధ్రప్రదేశ్ - కర్ణాటక సరిహద్దున ఉన్న గొల్లపల్లి అనే గ్రామంలో కథ జరుగుతుంది. వీరబాబు (వికాస్ వశిష్ట) ఆటో నడుపుకొని బతికేవాడు. ఒకరోజు అతని ఆటోలో ఎవరో ఖరీదైన కెమెరాను మరచిపోతారు. తక్కువ ఖర్చుతో తీసిన సినిమాలు పెద్ద లాభాలు గడిస్తున్నాయని టీవీలో విన్న వీరబాబు, తానూ ఒక సినిమా తీసి ఆ డబ్బుతో తన కష్టాలతో పాటు ఊరి కష్టాలు కూడా తీర్చాలనుకుంటాడు. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే మిత్రుడు గణపతి (సందీప్ వారణాసి) ఛాయాగ్రాహకుడవుతాడు. క్షౌరశాల నడిపే మరిడేశ్ బాబు (రాగ్ మయూర్) కథానాయకుడు. మొదట అనుకున్న అమ్మాయి మధ్యలో తప్పుకోవడంతో కూరగాయలమ్మే మంగ (ఉమ) కథానాయిక అవుతుంది. మరొక వైపు కెమెరా పోగొట్టుకున్న సింధు (సింధు శ్రీనివాసమూర్తి) దానికోసం వెదకుతూ ఉంటుంది. కెమెరా చెడిపోవడం, అసలు యజమాని రావడం, అందులోని దృశ్యాలను చూసిన తరువాత ఆమె వైఖరి మారడం కథలోని చివరి ఘట్టాలు.

నిర్మాణం, భాష

నిర్మాతలిద్దరూ చిత్తూరు, తిరుపతి ప్రాంతాలవారే. వారి మొదటి చిత్రం ఫ్లేవర్స్ (2003) కూడా అమెరికాలోని భారతీయుల గురించి చిన్న ఎత్తున తీసినదే. సినిమా బండిలో నటించినవారిలో ఎక్కువమంది తెరకు కొత్తవారు. విడుదల నాటికి కోవిడ్ రెండవ విజృంభణ వల్ల తెలుగు రాష్ట్రాలలో సినిమాహాళ్ళు మూతపడి ఉన్నాయి. అందుచేత ప్రేక్షకులు దీనిని ఇళ్ళలోనే చూశారు.

ఇందులోని తెలుగు సరిహద్దు ప్రాంతపు తెలుగు. దానిలో కన్నడపు ఛాయ కనిపిస్తుంది. పెదకూరపాడు, సత్తెనపల్లి ప్రాంతాల వాడుకకు అలవాటు పడిన చెవికి మొదటి పది నిమిషాలు కొంత శ్రద్ధగా వినవలసి ఉంటుంది. సమరసింహారెడ్డి (1999), ఇంద్ర (2002) వంటి చిత్రాల తరువాత రాయలసీమ యాస అనగానే తొడగొట్టడం, కత్తులు దూయడం గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడింది. పల్నాటికి కూడా అటువంటి ముద్రే పడింది. ఆ యాసకు దగ్గరి చుట్టమైన పలుకుబడితో అప్పుల గురించి, వానల గురించి, భార్యాభర్తల చిన్న చిన్న పోట్లాటల గురించి మాట్లాడించడం ఈ చిత్రం చేసిన మేలు. ఈ విషయంలో మాత్రం పెద్దగా భేదాభిప్రాయం కనిపించదు.

హాస్యమా, అపహాస్యమా?

చిత్రంపై వచ్చిన ప్రధానమైన ఆక్షేపణ ఇది. సినిమా తీయడం తెలియని పల్లెవారు సినిమా తీయబోయి చేసే పొరపాట్లే ఇందులోని హాస్యానికి మూలం. ఒక దృశ్యానికీ మరొక దృశ్యానికీ పొంతన కుదరకపోవడం, నటించవలసిన చోట బిగుసుకుపోవడం, పక్కనున్నవారు కెమెరావంక చూడడం వంటివి నవ్వు పుట్టిస్తాయి. నగరంలో కూర్చుని చందా కట్టి చూసే ప్రేక్షకునికి ఈ అమాయకత్వం వినోదంగా మారుతున్నదనీ, పల్లెవారు ఎప్పుడూ అమాయకులుగానే ఉండాలన్న పట్నవాసుల కోరికను చిత్రం తీరుస్తున్నదనీ ఆక్షేపించేవారి వాదం. గొల్లపల్లిలో కులం ఊసు దాదాపు లేకపోవడాన్ని కూడా వీరు ఎత్తి చూపుతారు. క్షౌరవృత్తిలో ఉన్న యువకుడు ఊరందరూ చూస్తుండగా కథానాయకుడు కావడం నిజమైన పల్లెలో అంత సులభంగా జరుగుతుందా అన్న ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు.

దీనికి సమాధానంగా చెప్పేవారు పాత్రల ప్రవర్తనను చూపుతారు. భరతుని నాట్యశాస్త్రం హాస్యాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు విధాలుగా విభజించి, మొదటి రెండింటిని ఉత్తమ ప్రకృతులకు, చివరి రెండింటిని అధమ ప్రకృతులకు చెప్పింది. ఆ కొలతతో చూస్తే ఈ చిత్రం చాలావరకు స్మిత, హసితాల మధ్యనే నడుస్తుంది. మంగ పాత్ర ఇందుకు మంచి ఉదాహరణ. ఆమెను చూసి నవ్వే అవకాశం ఎక్కడా లేదు. సంతలో బేరమాడి బతికే మనిషి కనుక సినిమా పనిలోనూ తన మాట నెగ్గించుకుంటుంది. ఆమె ముందు తడబడేది కథానాయకుడే. మరిడేశ్ గొప్పలను మాత్రం చిత్రం కొంచెం ఎక్కువగానే సాగదీసింది. అక్కడక్కడ నవ్వు అతని పేదరికం మీదికి జారుతుంది కూడా. అంతమాత్రాన మొత్తం చిత్రాన్ని అపహాస్యమనడం సబబు కాదు.

ఈ సందర్భంలో మహారాష్ట్రలోని మాలేగావ్‌తో పోలిక వస్తుంది. ఫైజా అహ్మద్ ఖాన్ తీసిన సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్ (2008) అనే డాక్యుమెంటరీ, ఆ మరమగ్గాల పట్టణంలో స్థానికులు తమకోసం తాము తీసుకునే చిత్రాల గురించినది. అక్కడి వారికి సొంత పరికరాలు, సొంత ప్రేక్షకులు, చిన్నదైనా సొంత విపణి ఉండేవి. గొల్లపల్లి వారికి దొరికినది మరొకరి కెమెరా. అందువల్ల వారి ప్రయత్నం విధి ఇచ్చిన వరంగా కనిపిస్తుందే తప్ప, వారి సామర్థ్యంగా కనిపించదని కొందరి విమర్శ.

కెమెరా ఎవరిది?

ఆటోలో దొరికిన వస్తువును వీరబాబు తన దగ్గరే ఉంచుకుంటాడు. చిత్రం నడిచేకొద్దీ ప్రేక్షకుడు ఈ సంగతిని దాదాపు మరచిపోతాడు. ఇది రచనలోని నేర్పు అని కొందరు, లోపం అని కొందరు అంటారు. చిత్రం వచ్చిన నాటికి అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి 403వ సెక్షన్ ప్రకారం, యజమాని ఎవరో తెలుసుకునే అవకాశం ఉండి కూడా దొరికిన వస్తువును సొంతానికి వాడుకోవడం నేరం. దానికి రెండేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. భారత ఒప్పందాల చట్టం (1872) 71వ సెక్షన్ ప్రకారం, వస్తువు దొరికి దానిని తన అధీనంలోకి తీసుకున్నవాడు ఒకరి సొత్తును భద్రపరచేవానితో సమానం.

ప్రయాణికులు మరచిపోయిన సంచులను తిరిగి ఇచ్చే ఆటోవారు మన ఊళ్ళలో కొత్త కాదు. అటువంటప్పుడు ఒక ఆటో డ్రైవరు చేత ఈ పని చేయించి, దానిని ముచ్చటగా చూపడం ఆ వృత్తివారికి న్యాయం కాదని ఒక అభ్యంతరం. మరొక పక్షం వారు సింధు కథను గుర్తు చేస్తారు. ఆమె వెదుకులాటను చిత్రం విడువకుండా చూపడం వల్లనే పోగొట్టుకున్నవారి బాధ మరుగున పడలేదని వీరి అభిప్రాయం. అయితే సింధు ఘట్టాలు కురచగా, పల్లె ఘట్టాలంత జీవం లేకుండా ఉన్నాయన్నది వాస్తవం. ఆ పాత్రకు మరికొంత చోటు దక్కి ఉంటే ముగింపులోని ఆమె క్షమ ఇంకా నమ్మదగినదిగా ఉండేది.

ఇతర అభిప్రాయాలు

నడక మందకొడిగా ఉన్నదనీ, గంటన్నరకు కొద్దిగా మించిన నిడివి కూడా కథకు ఎక్కువేననీ కొందరు భావించారు. ఊరికి కావలసినవాటిని కథ మొదట్లో ప్రస్తావించి తరువాత వదలివేశారన్న మాట కూడా ఉంది.

స్వతంత్ర చిత్రం అన్న పేరు దీనికి తగునా అన్నది ఇంకొక చర్చ. వెంకటేశ్ మహా దర్శకత్వంలో 2018 సెప్టెంబరు 7న వచ్చిన కేరాఫ్ కంచరపాలెం గురించి కూడా ఇదే ప్రశ్న వచ్చింది. పరుచూరి ప్రవీణ నిర్మించిన ఆ చిత్రంలో విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులే నటించగా, సమర్పకుడిగా దగ్గుబాటి రానా ముందుకు వచ్చారు. పేరున్నవారి అండ, అంతర్జాతీయ సంస్థ పంపిణీ ఉన్న చిత్రాన్ని స్వతంత్రమనడం ఎలాగని ఒకరంటే, కథ విషయంలో తారల కోసం, పంపిణీదారుల కోసం రాజీపడకపోవడమే స్వాతంత్ర్యమని మరొకరంటారు. రెండవ అర్థమే తెలుగులో వాడుకకు దగ్గరగా ఉన్నది. ఏదేమైనా, ఊరంతా ఒకచోట చేరి తమ సినిమాను చూసుకోవాలన్న కోరికతో నడిచే ఈ కథ, సినిమాహాలు ఎక్కకుండా ఒంటరిగా చూసే తెరలకే పరిమితమైంది.

తరువాతి కాలంలో

రాగ్ మయూర్‌కు ఈ చిత్రంతో గుర్తింపు లభించింది. 2025లో వచ్చిన సివరపల్లి వెబ్ ధారావాహికలో ఆయన ప్రధాన పాత్ర ధరించారు. ప్రవీణ్ కాండ్రేగుల దర్శకత్వంలో శుభం, పరదా చిత్రాలు 2025లోనే విడుదలయ్యాయి. కెమెరా యజమానిగా నటించిన సింధు శ్రీనివాసమూర్తి 2023లో ఆచార్ అండ్ కో అనే కన్నడ చిత్రానికి దర్శకత్వం వహించారు.