ఓపియాయిడ్ వ్యసన చికిత్స: రోగి సంతృప్తి

హెరాయిన్, నల్లమందు, మార్ఫిన్ తరహా మందులకు అలవాటుపడినవారికి మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులతో దీర్ఘకాలం చికిత్స చేస్తారు. మందు పనితనం, దుష్ఫలితాలు, క్లినిక్ నిబంధనలు, సిబ్బంది ప్రవర్తన గురించి ఆ రోగులు ఏర్పరచుకునే అభిప్రాయమే రోగి సంతృప్తి. ఈ రెండు మందులు వాడుతున్నంత కాలం మరణ ప్రమాదం బాగా తగ్గుతుంది. మధ్యలో మానేస్తే, ముఖ్యంగా మానేసిన తొలి వారాల్లో, మళ్లీ పెరుగుతుంది. అందుకే రోగి చికిత్సలో నిలవడానికి తోడ్పడే ప్రతి అంశమూ ముఖ్యమే.

నేపథ్యం

మెథడోన్ చికిత్సను 1960ల మధ్యలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్, మేరీ జీన్ క్రీక్ రూపొందించారు. ఈ వ్యసనానికి బ్యుప్రెనార్ఫిన్ వాడకాన్ని అమెరికా 2002లో అనుమతించింది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండింటినీ ఆవశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

కొలిచే పద్ధతులు

బ్రిటన్‌లో తయారైన ‘ట్రీట్‌మెంట్ పర్సెప్షన్స్ క్వశ్చనేర్’లో 10 ప్రశ్నలుంటాయి. సిబ్బంది తీరు, చికిత్స కార్యక్రమం నడిచే విధానం గురించి అది అడుగుతుంది. ‘టీఎస్‌క్యూఎం’ అనే మరో ప్రశ్నావళి మందు పనితనాన్ని, దుష్ఫలితాలను, వాడకంలో సౌలభ్యాన్ని అంచనా వేస్తుంది.

ప్రభావం చూపే అంశాలు

మోతాదు చాలకపోతే ఒళ్లునొప్పులు, నిద్రలేమి, మత్తు కోసం తపన తిరిగి వస్తాయి. మలబద్ధకం, అధిక చెమట కూడా రోగుల్ని విసిగిస్తాయి. రోజూ క్లినిక్‌కు వెళ్లి సిబ్బంది ఎదుటే మందు తాగాల్సి వస్తే కూలి, ఉద్యోగం, పిల్లల బాధ్యత దెబ్బతింటాయి. కొవిడ్ సమయంలో, 2020లో, నిలకడగా ఉన్న రోగులకు 28 రోజుల వరకు మెథడోన్ ఇంటికి ఇవ్వడానికి అమెరికా అనుమతించింది; 2024లో ఆ వెసులుబాటును శాశ్వతం చేసింది. ఆస్ట్రేలియాలో 119 మందితో జరిగిన ‘డెబ్యూట్’ పరీక్షలో, వారానికో నెలకో ఒకసారి తీసుకునే బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ వాడినవారు, నాలుక కింద పెట్టుకునే మందు వాడినవారికంటే ఎక్కువ సంతృప్తి తెలిపారు.

భారతదేశంలో ఈ చికిత్స కోసం పంజాబ్ ప్రభుత్వం 2017లో ఔట్‌పేషెంట్ (ఊట్) క్లినిక్‌లు ప్రారంభించి, బ్యుప్రెనార్ఫిన్-నలాక్సోన్ మాత్రలు ఇస్తోంది.

పరిమితులు

సర్వేలకు సాధారణంగా చికిత్సలో మిగిలినవారే దొరుకుతారు. విసిగి వెళ్లిపోయినవారి మాట నమోదు కాదు. మందు ఇచ్చేవారే ప్రశ్న అడిగితే, మందు ఆగిపోతుందన్న భయంతో రోగి మంచిమాటే చెప్పవచ్చు. కాబట్టి అభిప్రాయ సేకరణ రోగి పేరు లేకుండా, సిబ్బంది ప్రమేయం లేకుండా జరగాలి. మానేసినవారినీ వెతికి అడగాలి. మోతాదు ఎంతో, ఎన్ని రోజుల మందు ఇంటికి ఇవ్వాలో రోగితో మాట్లాడి నిర్ణయించాలి.