రిజిస్టర్లో మన పేరే ఎక్కువ ఉంటే, నేరం మన పుట్టుకదేనా?

ఈ పోస్ట్ కాస్త పొడవుగానే ఉంటుంది. తీరిక చూసుకుని చదవండి.

ముందు ఒక హాస్టల్ సంగతి. మాలో కొందరం డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో ఎవరిదో ఫోన్ పోయింది. వెంటనే వచ్చి వెతికింది మా రెండు గదులే. ఫోన్ దొరకలేదు గానీ మంచం కింద నీళ్ళు కాచుకునే కాయిల్ దొరికింది. కాయిల్ వాడకూడదని రూలు. మావాళ్ళు ఇద్దరి పేర్లు రిజిస్టర్లోకి ఎక్కాయి. మిగతా గదుల్లో కాయిళ్ళు లేవా? చలికాలంలో హాస్టలంతా వేడినీళ్ళే పోసుకునేది. అక్కడ వెతకలేదు కాబట్టి దొరకలేదు, అంతే. నెల తిరిగాక ఇంకేదో పోయింది. అప్పుడు ఆ రిజిస్టరే తీసి చూపించారు: "చూడండి, ఎప్పుడు చూసినా వీళ్ళ పేర్లే."

ఆ రిజిస్టర్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. రాసిందంతా జరిగిందే. దాని నుంచి లాగిన అర్థమే తప్పు. ఇదే తప్పును మన తాతల కాలంలో ఒక ప్రభుత్వం చట్టంగా రాసి, దేశం మీద అమలు చేసింది. అందుకే ఈ పోస్ట్.

రెండు విషయాలు కలిసి కనబడితే దాన్ని సహసంబంధం అంటాం. ఒకదాని వల్ల రెండోది జరిగితే దాన్ని కారణం అంటాం. ఈ రెంటికీ తేడా మన ముసలవ్వలకు ఎప్పుడో తెలుసు. తన కోడి కూయకపోతే, తన కుంపటి వెలగకపోతే ఊరికి తెల్లారదనుకున్న అవ్వ కథ మనమంతా విన్నదే. కోడి కూతా తెల్లవారడమూ రోజూ కలిసే వస్తాయి. అయినా కోడిని గంప కింద మూసినంత మాత్రాన సూర్యుడు ఆగడు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే కాకతాళీయం అనే మాట కూడా మనకుంది. ఇంత తెలివి మాటల్లో ఉన్నా, లెక్కలూ పట్టికలూ ముందు పెట్టేసరికి అందరం తడబడతాం.

ఇక చరిత్రలోకి వద్దాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. అప్పటి వాదన ఏమిటంటే, ఈ దేశంలో కులాన్ని బట్టి వృత్తి వస్తుంది, వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, సాలెవాడి కొడుకు మగ్గం నేస్తాడు, అలాగే కొన్ని తెగల్లో పుట్టినవాళ్ళు తరతరాలుగా నేరమే చేస్తారు. ప్రభుత్వం ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే దాన్ని కోర్టులో ప్రశ్నించే దారి కూడా లేకుండా చేశారు. మొదట ఈ చట్టం ఉత్తరాదిలో నడిచింది. 1911లో కొత్తగా రాసిన చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన కోస్తాకూ రాయలసీమకూ వచ్చింది. ఇక్కడ దాని దెబ్బ గట్టిగా తగిలిన వాళ్ళలో మన ఎరుకల వాళ్ళు ఉన్నారు. తమిళ ప్రాంతంలో వీళ్ళనే కొరవలు అంటారు.

అధికారులు చూపించిన ఆధారం ఏమిటి? పోలీసు రికార్డులే. రైల్వే పోలీసుల్లో పనిచేసిన ఎం. పాపారావు నాయుడు అనే తెలుగాయన రైలు దొంగల మీద ఒక పుస్తకం, ఎరుకల మీద ఇంకో పుస్తకం రాశాడు. ఫలానా తెగవాళ్ళు ఎక్కువసార్లు పట్టుబడ్డారు, ఎక్కువమందికి శిక్షలు పడ్డాయి, కాబట్టి ఆ తెగే నేరానికి కారణం అన్నది ఆనాటి అధికారుల లెక్క.

ఈ "కాబట్టి" దగ్గరే ఆగి మూడు ప్రశ్నలు వేద్దాం.

మొదటి ప్రశ్న: అంతకుముందు ఏం జరిగింది? ఎరుకల్లో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల అనే పేర్లున్నాయి. ఆ పేర్లలోనే పాత బతుకు దాగుంది. తీరంలో ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు నడిచేవాళ్ళు. అక్కడ ఉప్పిచ్చి ధాన్యం తీసుకుని తిరిగొచ్చేవాళ్ళు. ఊరికి ఉప్పు కావాలి, వీళ్ళకు గింజలు కావాలి. 1856లో మద్రాసులోని రాయపురం నుంచి రైలు మొదలైంది. తర్వాత పదిహేనేళ్ళలో కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు చేరింది. ఎద్దు వారాల తరబడి మోసే ఉప్పు ఇప్పుడు వ్యాగన్లలో పోసాగింది. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, పన్ను సరేసరి. 1876–78లో ధాత కరువు వచ్చింది. కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. గింజలే లేని ఊరు ఉప్పుకు బదులు ఏమిస్తుంది? మేతలేని ఎద్దు ఎన్నాళ్ళు బతుకుతుంది? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పశువుల మేతకు, బుట్టలల్లే వెదురుకు కూడా అడ్డు పడింది.

రెండో ప్రశ్న: నిజంగా పుట్టుకే కారణమైతే ఇంకేం కనబడాలి? ఒకే పుట్టుక ఉన్నవాళ్ళంతా ఒకే తీరుగా ఉండాలి. కానీ ఎరుకల్లో వెదురుబద్దలతో బుట్టలు అల్లేవాళ్ళు, మగ్గానికి కుంచెలు చేసేవాళ్ళు, పందులు పెంచేవాళ్ళు, సోదె చెప్పే ఆడవాళ్ళు ఉన్నారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ అచ్చు వేసిన ఏడు సంపుటాల్లో కూడా ఈ విభాగాల పేర్లు కనబడతాయి. ఇటువైపు నుంచి కూడా చూడండి. మన లంబాడీలు భాషలో, పుట్టుకలో ఎరుకల వాళ్ళకు ఏమీ కారు. కానీ వాళ్ళూ ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికినవాళ్ళే. రోడ్లు, రైళ్ళు వచ్చాక ఆ బతుకు పోయింది, వాళ్ళ మీదా ఇదే అనుమానం పడింది. పుట్టుక వేరు, పని ఒకటి, ముద్ర ఒకటి. అలాంటప్పుడు కారణం పుట్టుకలో వెతకాలా, పోయిన పనిలో వెతకాలా?

మూడో ప్రశ్న: లెక్క పెట్టింది ఎవరు, ఎక్కడ? ఇది మన హాస్టల్ కాయిల్ కథే. 1911 చట్టం కింద ప్రకటించిన తెగవాళ్ళ పేర్లు రిజిస్టర్ చేసి, వేలిముద్రలు తీసుకోవచ్చు. వాళ్ళు చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటితే చెప్పి వెళ్ళాలి. ఇవి తప్పితే శిక్ష. అంటే చుట్టం చావుకి పక్క ఊరు వెళ్ళి హాజరు తప్పినా నేరమే. అనుమానాస్పదంగా కనబడితే కూడా శిక్ష. కొన్ని నేరాల్లో రెండోసారి పట్టుబడితే ఇతరుల కంటే చాలా ఎక్కువ శిక్ష. ఇక ఆ తెగలో శిక్షలు పడ్డవాళ్ళ సంఖ్య పెరగక ఏమవుతుంది? ఆ సంఖ్యనే మళ్ళీ "చూశారా, చట్టం ఎంత అవసరమో" అని చూపించొచ్చు. కాపలా వల్ల కేసులు, కేసుల వల్ల మరింత కాపలా. గానుగెద్దు తిరిగినట్టు అక్కడక్కడే తిరుగుతుంది.

ఈ రిజిస్టర్లో ఉన్నవాళ్ళను ఉంచడానికి సెటిల్‌మెంట్లు కట్టారు. 1913–14 ప్రాంతంలో బాపట్ల దగ్గర పెట్టినదానికి మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. దాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. సీతానగరం, కావలి, సిద్ధాపురంలో కూడా సెటిల్‌మెంట్లు ఉండేవి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ఉంచే అధికారం కూడా చట్టంలో ఉంది. ఊరి పేరు చెబితే చాలు ఎదుటివాడు జేబు తడుముకునే రోజులు అలా వచ్చాయి. 1991లో ఆ ఊరి పేరుతోనే "స్టువర్టుపురం పోలీస్ స్టేషన్" సినిమా వచ్చింది. ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ మీద మాత్రం సినిమా రాలేదు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. మనవాళ్ళలో ఎవరూ ఎప్పుడూ దొంగతనం చేయలేదని మేం అనడం లేదు. అలా అంటే మనమూ ఆధారం లేకుండా మాట్లాడినట్టే. అలాగే, రైలు వచ్చింది, తర్వాత కేసులు పెరిగాయి, కాబట్టి రైలే కారణం అని గబుక్కున అనకూడదు. అది కూడా కోడి కూత వాదనే అవుతుంది. సరిగ్గా 1871లోనే మద్రాసు రైలు మార్గం, బొంబాయి రైలు మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. నేరస్థ తెగల చట్టం కూడా ఆ ఏడాదే. ఏడాది ఒకటైనంత మాత్రాన రైలే చట్టాన్ని తెచ్చిందంటామా? అది కాకతాళీయం. రైలు మన బతుకు తీసిందని చెప్పాలంటే ఏ దారిలో, ఎలా తీసిందో చూపించాలి. ఉప్పు ఎవరు మోసేవారు, ఎప్పుడు ఆగింది, బదులుగా ఏ పని దొరికింది అని ఒక్కో మెట్టూ చూపించాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కొరవల మీద మీనా రాధాకృష్ణ చేసిన పరిశోధన ఇలాంటి పనే. కోపం మనకు న్యాయంగానే ఉంది. ఆధారం కూడా ఉంటేనే ఆ కోపానికి బలం.

చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ నివేదిక తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త దినంగా జరుపుకుంటాం. కానీ రద్దయిన చోటే అలవాటు నేరస్థుల చట్టాలు మొలిచాయి. మద్రాసులో అది 1948లోనే వచ్చింది. తెగ పేరు పోయింది, రిజిస్టర్ మిగిలింది. జైలు మాన్యువళ్ళలో ఉన్న ఇలాంటి కుల వివక్షను తొలగించాలని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. రేపు ఎక్కడ నేరం జరుగుతుందో కంప్యూటరే చెబుతుందంటున్నారు. ఆ కంప్యూటర్‌కు పాఠంగా పెట్టేది పాత రిజిస్టర్లే అయితే, అది మళ్ళీ మన గూడెం వైపే, మన తండా వైపే వేలు చూపిస్తుంది.

అందుకని చదువుకుంటున్న మనం లెక్కలంటే భయపడి పారిపోకూడదు. స్టాటిస్టిక్స్ క్లాసులో సహసంబంధం గుణకం కట్టడం నేర్చుకుంటాం, పరీక్ష రాసి మరిచిపోతాం. మనకది మరిచిపోయే పాఠం కాదు. "మీవాళ్ళలో డ్రాపౌట్లు ఎక్కువ, మీకు చదువు అబ్బదు" అన్నా, "మీ ఏజెన్సీలో జ్వరాలు ఎక్కువ, మీకు శుభ్రత లేదు" అన్నా, తలదించుకోకుండా ఆ మూడు ప్రశ్నలే అడుగుదాం. ముందు ఏం జరిగింది? పుట్టుకే కారణమైతే ఇంకేం కనబడాలి? ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు?

ఒక పని కూడా చేద్దాం. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు తాతనో అవ్వనో కూర్చోబెట్టి అడగండి: మనవాళ్ళు ఏం మోసేవాళ్ళు, ఏ దారిన వెళ్ళేవాళ్ళు, ఆ పని ఎప్పుడు ఆగింది, హాజరు వేసిన రోజులు ఎవరికైనా గుర్తున్నాయా అని. విన్నది విన్నట్టు రాసి గ్రూపులో పెట్టండి. వాళ్ళ రిజిస్టర్ రాసి ఉంది కాబట్టే ఇన్నాళ్ళు దాని మాట చెల్లింది. మన రిజిస్టర్ ఇంకా ఎవరూ రాయలేదు.