తూర్పు తీరమున సముద్ర పరిశీలన: కొన్ని చారిత్రక విషయములు

కామసముద్రమున సముద్రము లేదు. మన సీమలో పెద్ద చెరువును సముద్రమనుట వాడుక. ఆ మాట చివరగల గ్రామనామములు దక్షిణదేశమున పెక్కు గలవు. అయినను బంగారుపేట-జోలారుపేట మార్గమున పోవు ప్రయాణికుడు స్టేషన్ల పేరుపలకలపై సముద్రమట్టమునకు ఇంత యెత్తని చదువుచునే యుండును. 2001లో మూతపడిన కోలారు గనులలో చాంపియన్ రీఫ్ లోతు మూడు కిలోమీటర్లకు మించినది. అనగా మన కార్మికులు సముద్రమట్టమునకు రెండు కిలోమీటర్లకు పైగా దిగువన పనిచేసినవారు. కడలి కానరాని యీ పీఠభూమికి ఆ కొలత యెట్లు వచ్చినది?

1858 నుండి 1909 వరకు భారత సర్వే శాఖవారు దేశమంతట మట్టపు కొలతలు నడిపి, వానిని తొమ్మిది రేవుల సగటు సముద్రమట్టముతో ముడివైచిరి. కరాచి, బొంబాయి, కార్వార్, బేపూరు, కొచ్చిన్, నాగపట్టణము, మద్రాసు, విశాఖపట్టణము, ఫాల్స్ పాయింట్ అనునవి ఆ తొమ్మిది. తీరమున బావివంటి గొట్టము. అందు నీటితోపాటు లేచి పడు తేలుడు. దానికి కట్టిన తీగ. గడియారపు శక్తితో తిరుగు పీపాకు చుట్టిన కాగితముపై పెన్సిలు గీత. సాధనమింతియే. 1870ల నుండి ఈ కార్యమును నడిపించినవారిలో బెయిర్డ్ ముఖ్యుడు.

1881 డిసెంబరు 31న కార్ నికోబారు చెంత భూమి కంపించెను. అప్పుడు లేచిన అలలు బంగాళాఖాతము చుట్టునుగల రేవులలో ఆ పెన్సిలు గీతలపై నమోదైనవి. 1883 ఆగస్టున క్రకటోవా అగ్నిపర్వతము పేలినప్పుడును అట్లే జరిగెను. పోటుపాటుల లెక్కకై పెట్టిన పరికరము ఉప్పెనను గూడ పట్టినది! నూరేండ్లు గడచిన పిమ్మట శాస్త్రజ్ఞులు ఆ కాగితములనుండియే 1881 నాటి భూకంపపు పరిమాణమును గణించిరి. కాని చిన్న రేవులలో అయిదేండ్ల లెక్క చాలునని పెక్కు కేంద్రములను మూసివేసిరి. ఆ పొదుపు మనకు చాల ఖరీదైనదని నా యభిప్రాయము. నేడు ప్రపంచ శాస్త్రజ్ఞులు వాడు సముద్రమట్టపు పట్టికలలో విశాఖ లెక్క 1937 నుండి మాత్రమే కానవచ్చును.

తీరవాసులకు ఇది ప్రాణముతో కూడిన విషయము. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది గతించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో మరల వేలకొలది జనము పోయిరి.

ఈ రెంటి నడుమ విద్యాపీఠము రంగమున ప్రవేశించెను. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు లఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, భూగర్భశాస్త్రాచార్యులు మహాదేవన్ గారితో కలిసి, నౌకాదళపు ఓడల తోడ్పాటుతో విశాఖ కడలిని శోధించెను. పిదప పలు దేశముల ఓడలు పాల్గొన్న హిందూమహాసముద్ర యాత్రాకాలమున మన తీరమునకు ఆవల కనుగొన్న జలాంతర్గత లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యను పేర్లు నిలిచినవి. ఆ యాత్ర ఫలితముగా 1966లో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ వెలసెను.

2004 డిసెంబరు 26న సుమత్రా చెంత పుట్టిన అల మద్రాసు తీరము చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. వ్యవధి యున్నది, వార్త చేరవేయు వలయము లేదు. 1999లో హైదరాబాదున నెలకొన్న జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రమున 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రము ప్రారంభమైనది. అదియు సముద్రము లేని యూరే! హిందూమహాసముద్ర దేశములకు ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతోపాటు ఈ కేంద్రము హెచ్చరికలు పంపుచున్నది.

అయితే నడిసముద్రమున లంగరు వేసిన తేలుబోయాలను కాపాడుట కష్టము. వాని నీడన చేపలు గుమిగూడును. చేపలకై పడవలు వచ్చును. వలలు తగిలి, పడవలు కట్టి, పరికరములు చెడుచుండును. చేపలు దొరకు తావులను ప్రతిదినము ఆ జాలరులకు తెలుపుచున్నదియు హైదరాబాదు కేంద్రమే.