బస్తరు మార్గమున కడపటి పెట్టె

గూడ్సు బండికి ముందు యంత్రము, వెనుక గార్డు పెట్టె. మొదటిదానిని గూర్చి గ్రంథములు వెలువడినవి. 1977లో ఢిల్లీలో వెలసిన జాతీయ రైలు మ్యూజియము మొదలుకొని పలుచోట్ల దానికి గౌరవస్థానము లభించినది. రెండవదానిని గూర్చి వ్రాసినవారు స్వల్పము. పాత ఇనుము గుట్టల నడుమ చక్రములు ఊడి నేలకు అంటియున్న గార్డు పెట్టె ఏ కాలమునాటిది, ఏ రైల్వేకు చెందినది అని అడిగినచో, సమాధానమును ఆ ఇనుము మీదనే వెదకుకొనవలెను. బస్తరుకు పోవు మార్గము విషయమున ఈ వెదకులాట చరిత్రకారునికి తప్పనిసరి.

బస్తరు ప్రజలు రైలును చూడకముందే రైలు కన్ను బస్తరు అడవిపై పడినది. పట్టాల క్రింద పరచు దిమ్మెలకు సాలవృక్షపు కలప మేలైనది. 1859లో భోపాలపట్నము మొదలైన దక్షిణ జమీందారీలలోని కోయలు, హైదరాబాదు గుత్తేదారులు సాలవనములను నరకుటను ఎదిరించి తిరుగబడిరి. 1900లో బెంగాల్-నాగపూర్ రైల్వేవారు రాయపూరు నుండి ధమ్తరి వరకు 762 మిల్లీమీటర్ల చిన్నపట్టాల మార్గము వేసిరి. అది బస్తరు వాకిటి వరకు వచ్చి ఆగినది. లోపలికి రైలును రప్పించినది ఇనుప ఖనిజము. 1960లో జపానుతో కుదిరిన ఒప్పందము ననుసరించి, దండకారణ్య-బొలాంగీర్-కిరిబురు ప్రాజెక్టులో భాగముగా, కొత్తవలస నుండి బైలాడిలా కొండల క్రిందనున్న కిరండూలు వరకు సుమారు 446 కిలోమీటర్ల పెద్దపట్టాల మార్గము ఆ దశకముననే పూర్తియైనది. 1968లో బైలాడిలా 14వ నిక్షేపమున గని ప్రారంభమైనది. ఖనిజము విశాఖ రేవునకు దిగసాగినది.

దిగుట అనుమాట ఇచ్చట అక్షరాల నిజము. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చటినుండి నూరు కిలోమీటర్లలోపే బండి సొరంగముల వెంబడి మైదానమునకు చేరవలెను. అట్టి దిగుడులో బండిని అదుపున ఉంచుభారము యంత్రచోదకునిదే అయినను, వెనుక పెట్టెలోని గార్డుకు కూడ చేతిబ్రేకు చక్రము, గాలిపీడనమును చూపు గడియారము, ఆపద సమయమున బండిని నిలుపు మీట ఉండెడివి. ఆ పెట్టె వెనుకనున్న దీపమును చూచిన పిమ్మటనే, బండి తెగిపోక సాంతముగా వచ్చినదని స్టేషనువారు నిశ్చయించుకొనెడివారు. పాత నాలుగుచక్రముల పెట్టెలో మరుగుదొడ్డి లేదు, విద్యుద్దీపము లేదు. కుదుపునకు కొదువ లేదు. వానకాలపు బస్తరు రాత్రులను గార్డులు అందులోనే గడపిరి.

ఇక గుర్తుపట్టుట. మొదట కొలువవలసినది చక్రముల నడిమి దూరము. చక్రములు లేనిచో వాటిని పట్టియుంచిన ఇనుప కొమ్ముల దూరమును కొలిచి, ధమ్తరి చిన్నపట్టాల పెట్టెయో, 1676 మిల్లీమీటర్ల పెద్దపట్టాల పెట్టెయో తేల్చుకొనవచ్చును. పిమ్మట కొసలను చూడవలెను. ఇరువైపుల గుండ్రని బఫర్లు, నడుమ కొక్కెము, మరగొలుసు ఉన్నచో అది పాత పద్ధతి. నడుమ బలమైన కప్లరు ఒక్కటే ఉన్నచో తరువాతి కాలపుది. నేల క్రింద నిలువుగా పెద్ద డ్రమ్ము వ్రేలాడుచున్నచో శూన్యపు బ్రేకు. చిన్న సిలిండరు, ప్రక్కన గాలి నిలువచేయు తొట్టి ఉన్నచో ఒత్తిడిగాలి బ్రేకు. ఒక పెట్టెనే ఒక పద్ధతినుండి మరియొక పద్ధతికి మార్చియుండవచ్చును గనుక, కోసి అతికిన గుర్తులను వదలిపెట్టరాదు. ఇరుసుపెట్టెల మూతలపై పోతపోసిన అక్షరములను చూచి మోసపోవువారు పెక్కురు. కార్ఖానాలో మూతలు ఒకదానివి ఒకదానికి మారుచుండును. వాటికన్న, పెట్టె అడుగున పొడవునా సాగిన దూలమునకు బిగించిన నిర్మాతల ఫలకము నమ్మదగినది.

రంగును మాత్రము నిదానముగా చదువవలెను. బి.ఎన్. అక్షరములు కనబడినచో పెట్టె 1952కు ముందటిది. ఆ ఏటనే బెంగాల్-నాగపూర్ రైల్వే తూర్పు రైల్వేలో కలిసినది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే విడివడినది. దాని గుర్తు ఇంగ్లీషున ఎస్.ఇ., హిందీలో ద.పూ., అనగా దక్షిణ-పూర్వ. 2003 ఏప్రిల్ 1 నుండి కిరండూలు మార్గము తూర్పుతీర రైల్వే క్రిందికి వచ్చినది. అప్పటినుండి హిందీలో పూ.త., పూర్వ తటము. తెలుగువాడు చుక్కలు విడిచి చదివినచో 'పూత' యగును. నిజమునకు అది పాత అక్షరముల మీది పూతయే. పెచ్చు లేచినచోట క్రింది ద.పూ. తొంగిచూడవచ్చును. భాషాంతరీకరణము చేయువానికి మరియొక ముచ్చట: ఇంగ్లీషు 'బ్రేక్ వాను'ను హిందీ అధికారభాషవారు 'బ్రేక్‌యాన్' చేసిరి. వానును యానముగా మార్చిన ఆ నేర్పు మన పారిభాషిక సంఘములకు పట్టువడలేదు. తెలుగు పనివారి 'గార్డు పెట్టె'యే నాకు ఎక్కువ నచ్చును.

ఇటీవలి పెట్టెలపై పదునొకండు అంకెల సంఖ్య ఉండును. మొదటి రెండంకెలు జాతిని, తరువాతి రెండు యజమాని రైల్వేను, ఆ పిమ్మటి రెండు తయారైన సంవత్సరమును తెలుపును. ఇవి ఉన్నచోట ఊహలతో పనిలేదు. ఈ శతాబ్దమున ఎనిమిది చక్రముల బోగీ పెట్టెలు వచ్చి పాతవాటి స్థానము నాక్రమించుచున్నవి. గార్డు అను ఉద్యోగనామము సైతము 2022 జనవరిలో 'ట్రెయిన్ మేనేజరు'గా మారినది.

వేలమున తూకము లెక్కన అమ్ముడుపోయిన పెట్టెకు మంటకోత తప్పదు. అమ్మకమును ఆపుమని నేననను. ఇనుము మరల ఇనుమగుట న్యాయమే. కాని కోతకు ముందు దూలపు ఫలకమునకు నకలు తీసి, రెండు ప్రక్కల అక్షరములకు ఛాయాచిత్రము తీసి, బ్రేకు డ్రమ్మును, కొసలను కొలిచి వ్రాసికొనుటకు ఒక పూట చాలును. ఫలకము పలుచని ఇనుము, తూకమునకు వచ్చునది స్వల్పము. దానిని ఊడదీసి ఇమ్మన్నచో కాదను వ్యాపారి అరుదు.